పాక చివరి గుంజ

మండపేట వైపు ఒక పాకలో అర్ధరాత్రి ముర్రా గేదె ఈనలేక అవస్థ పడుతోందనుకోండి. పది నిమిషాల్లో డాక్టరుకు ఫోన్ వెళ్తుంది. ఎంతైనా ఇస్తామంటారు. అదే పాక చివరి గుంజకు కట్టిన దున్నదూడ మూడు రోజులుగా పారుకుంటూ ఉన్నా ఎవరూ ఫోన్ చేయరు. డాక్టరు చెడ్డవాడూ కాదు, రైతు కసాయీ కాదు. లక్ష దాటిన గేదెకూ, పాలివ్వని, దుక్కికి రాని దూడకూ మధ్య ఉన్న తేడా అది.

ఈ తేడా మొదట్నుంచీ ఇంత లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టా వరిచేలుగా మారాక, ఎద్దూ దున్నా లేకుండా దమ్ము లేదు, బండి లేదు. కాబట్టి మగదూడకూ విలువ ఉండేది. జబ్బు చేస్తే నాటువైద్యుడు వాత పెట్టేవాడు, కషాయం పోసేవాడు. అతనికి ముట్టేది పంటరోజుల్లో కొలిచే ధాన్యమే.

పశువుల్ని మందలకు మందలు చంపే ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) వస్తే మాత్రం ఆ వాతలేవీ పనిచేయలేదు, ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యేవి. అందుకే ప్రభుత్వం ఉచితంగా టీకాలు వేసింది. ఏ పాకలో జబ్బు మిగిలినా పక్కింటి గేదెకు ముప్పే కనుక ముసలి ఎద్దుకూ సూదే, వట్టిపోయిన గేదెకూ సూదే. దయా లెక్కా ఒకే వైపు నిలబడ్డ రోజులవి. దేశంలో చివరి కేసు 1995లో కనబడింది. 2011 నాటికి ప్రపంచంలోనే ఆ జబ్బు లేదన్నారు.

ఈలోగా ట్రాక్టరు వచ్చి ఎద్దును ఇంటికి పంపేసింది. నాటు గేదెల్ని ముర్రాతో కలుపుతూ పోయి, ఇవాళ గోదావరి గేదె అంటున్న రకాన్ని తయారుచేశారు. పాలకేంద్రం రోజూ డబ్బు ఇస్తుంటే వైద్యం కూడా లీటర్ల లెక్కలోకి వచ్చింది. పశువుల ఆసుపత్రిలో చూపించుకోవడం ఉచితమే. కానీ ఈనుతున్న గేదెను ఆసుపత్రికి నడిపించలేం కదా! ఇంటికొస్తే పెట్రోలు, బయట కొనే మందులు, చేతిలో పెట్టేది. 2000కి అటూ ఇటూగా ఊళ్లలోకి వచ్చిన గోపాలమిత్రలకు ఎదసూది, అంటే కృత్రిమ గర్భధారణ, మీదే రాబడి. వైద్యం రిజిస్టరైన డాక్టరే చేయాలని 1984 చట్టం చెప్పినా, రాత్రిపూట ఊళ్లో ఉన్నవాడే డాక్టరు.

చట్టం కూడా డాక్టరు చేతికే తక్కెడ ఇచ్చింది. 1977 నాటి గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టం దూడల్ని కోయకూడదంది, గేదెదూడలతో సహా. పెద్ద గేదెకైతే ఇక గిట్టుబాటు కాదన్న ధ్రువపత్రం కావాలి. జబ్బు నయం చేయడం నేర్చుకున్నవాడు, ఈ పశువుతో ఇక లాభం లేదని సంతకం చేస్తాడు. కోయకూడని దున్నదూడ సంగతా? దానికి కత్తి తప్పింది, పాలు మాత్రం దక్కలేదు. కడుపు మాడి పాకలోనే పోతుంది.

దూడ పోతే గేదె చేపదు. అప్పుడు పాలు చేపించే ఆక్సిటోసిన్ సూది. ఈ దుర్వినియోగాన్ని ఆపాలని కేంద్రం 2018లో ప్రైవేటు తయారీని నిషేధించింది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి తల్లులకూ అదే మందు కావాలి. ఢిల్లీ హైకోర్టు ఆ డిసెంబరులోనే నిషేధాన్ని కొట్టేసింది. నా లెక్కలో ఆ సూది జబ్బు కాదు, జబ్బు గుర్తు. దూడను బతికించుకుంటే సగం సూదులు అక్కర్లేదు.

రాజమండ్రి, కాకినాడల్లో కుక్కల క్లినిక్కులకు ఈ టెన్షన్ లేదు. వీధిలో దొరికిన కుక్కపిల్లకు సెలైన్ పెట్టించేవాళ్లు దాని ధరెంతో అడగరు.

2022లో 1962 నంబరు అంబులెన్సులు వచ్చాయి. అవి ఇంటికే వస్తాయి, డబ్బు అడగవు. అయినా ఫోన్ చేయాల్సింది రైతే. ఇప్పుడు దున్నదూడ సమస్యకు ఇంకో దారి దొరికింది: పెయ్యలే పుట్టేలా వేరుచేసిన వీర్యం, సబ్సిడీ మీద. నూటికి తొంభై వరకూ పెయ్యలే పుడతాయంటున్నారు. మిగతా పదీ ఆ పాక చివరి గుంజకే.