విచ్చుకునే ములికి: మూసి ఉంచే బలం, తెరిపించే బలం

విల్లుతో వేటాడేవారు బాణం కొసకు బిగించే కోత ములుకులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకదానిలో బ్లేడ్లు ఎప్పుడూ విప్పారి, కదలకుండా ఉంటాయి. రెండోదానిలో అవి గాలిలో ముడుచుకుని ఉండి, జంతువు చర్మాన్ని తాకిన క్షణంలో విచ్చుకుంటాయి. దీన్ని మెకానికల్ బ్రాడ్‌హెడ్ అంటారు. బాణం జంతువును చంపేది తాకిడి అదురుతో కాదు, కోతతో, ఆ కోత వల్ల జరిగే రక్తస్రావంతో. అందువల్ల విచ్చుకోవలసిన బ్లేడు సగంలో ఆగిపోయిందంటే, గాయపడిన ప్రాణి ఎక్కడో పొదల్లో గంటల తరబడి బాధపడవచ్చు. ఆరేడు గ్రాముల ఈ పరికరం విషయంలో నమ్మకం గురించి ఇంతగా ఆలోచించవలసి రావడానికి కారణం అదే.

అసలు బ్లేడ్లను ముడవడం ఎందుకు? నారిని వదిలిన బాణం కర్రలా బిగుసుకుని పోదు. దాని కాడ ఇటూ అటూ వంగుతూ సాగుతుంది. ఆ ఊపులో ములికి కొద్దిగా పక్కకు తిరిగినా, విప్పారిన బ్లేడ్లు చిన్న రెక్కల్లా పనిచేసి బాణాన్ని అటే లాగుతాయి. వెనకనున్న ఈకలు దాన్ని తిరిగి దారికి తేవాలి. గాలి బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 1969లో హోలెస్ విల్బర్ ఆలెన్‌కు అమెరికాలో పేటెంటు లభించిన కాంపౌండ్ విల్లు (కొనల దగ్గర కప్పీలు బిగించిన విల్లు) వ్యాపించి బాణాల వేగం పెరిగినకొద్దీ ఈ చిక్కు కూడా పెరిగింది. బ్లేడ్లు ఒంటికి అంటుకుని ఉన్న ములికి దాదాపుగా అభ్యాసానికి వాడే సాదా మొన లాగే ఎగురుతుంది.

అయితే ఇక్కడే అసలు కష్టం మొదలవుతుంది. సుమారు 26 గ్రాముల బాణం నారి మీద అర మీటరు దూరంలోనే నిశ్చల స్థితి నుంచి సెకనుకు 80 మీటర్ల వేగానికి చేరుతుందనుకుందాం. లెక్క కడితే సగటు త్వరణం సెకను వర్గానికి 6,400 మీటర్లు, అంటే గురుత్వ త్వరణానికి 650 రెట్లు. ఆ కొద్ది క్షణాలలో 1 గ్రాము బరువున్న బ్లేడు 650 గ్రాముల బరువున్నట్టు ప్రవర్తిస్తుంది, పైగా ఆ బరువంతా వెనక్కి లాగుతుంది. గాడిలో వెనక్కి జరుగుతూ తెరుచుకునే నమూనాలో ఈ లాగుడు సరిగ్గా తెరుచుకునే దిశలోనే ఉంటుంది. బ్లేడు మొన ముందుకు, ఇరుసు వెనక్కి ఉండి, తాకగానే వెనక్కి మడత తిరిగే నమూనాలో బ్లేడు అరచేతిలో నిలబెట్టిన కర్ర వంటిది. తిన్నగా ఉన్నంతసేపు ఏమీ కాదు, కొంచెం బయటికి వాలిందంటే ఆ వాలు పెరుగుతూనే పోతుంది. రెండింటికీ పట్టి ఉంచేది ఏదో ఒకటి కావాలి.

లక్ష్యాన్ని తాకినప్పుడు పరిస్థితి తిరగబడుతుంది. బాణం నెమ్మదిస్తుంది, బ్లేడు జడత్వం దాన్ని ముందుకు తోస్తుంది, అంటే మూసి ఉంచడానికే సాయపడుతుంది. దీన్ని గమనించకపోతే నమూనా మొత్తం పొరపాటు దారిలో పోతుంది. తెరిచే పని తాకిడి అదురుకు అప్పగించకూడదు. చర్మమే బ్లేడును నెట్టాలి. అందుకే బ్లేడు భుజం ములికి ఒంటి కన్నా కాస్త బయటికి పొడుచుకుని ఉండాలి. అది మరీ ఎక్కువైతే దారిలోని సన్నని పుల్ల కూడా బ్లేడును తెరుస్తుంది, గాలి కూడా పట్టుకుంటుంది. మరీ తక్కువైతే తడిసిన వెంట్రుకల మీద జారి, లోపలికి దిగిన తరువాత గానీ తెరుచుకోదు. అప్పుడు బయటి గాయం చిన్నదవుతుంది, రక్తపు జాడ కరువవుతుంది. అన్నిటికీ ఉన్న వ్యవధి ఎంత? సెకనుకు 80 మీటర్ల వేగంలో 4 సెంటీమీటర్లు దిగడానికి పట్టేది సెకనులో రెండువేలవ వంతు మాత్రమే.

పట్టి ఉంచేందుకు రబ్బరు చుట్టు, తెగిపోయే ప్లాస్టిక్ పట్టీ, స్ప్రింగు, లోహంలోనే చెక్కిన చిన్న గంటు వంటివి వాడుతుంటారు. వీటిలో నాకు అన్నిటికన్నా తక్కువ నమ్మకం కలిగించేది రబ్బరు. చాచి ఉంచిన రబ్బరును గాలిలోని ఓజోన్ పగుళ్లు పట్టిస్తుంది, నెలల తరబడి చాచి ఉంచితే దాని బిగువు తగ్గుతుంది, చలిలో అది గట్టిపడుతుంది. కొత్తగా ఉన్నప్పుడు కొలిచిన బలం రెండేళ్ల తరువాత ఉంటుందనుకోవడానికి ఆధారం లేదు. ప్లాస్టిక్ పట్టీ ఒక్కసారికే పనికొస్తుంది, కాబట్టి ప్రతి బాణానికీ కొత్తది వేయాల్సిందే. కానీ అది ఎంత బలానికి తెగాలో తయారీలోనే నిర్ణయించవచ్చు.

తెరుచుకోవడానికి బాణపు శక్తి ఎంతో ఖర్చయిపోతుందని చాలామంది అనుకుంటారు. మన బాణం శక్తి సుమారు 83 జౌళ్లు. 20 న్యూటన్ల బలంతో 2 సెంటీమీటర్లు జరిగితే పట్టీ తెగుతుందనుకుంటే ఆ ఖర్చు 0.4 జౌళ్లే. అసలు ఖర్చు కోత వెడల్పులో ఉంది. 28 మిల్లీమీటర్ల కోతకు బదులు 50 మిల్లీమీటర్ల కోత పెడితే కోయవలసిన కండ, చర్మం దాదాపు రెట్టింపవుతాయి. బ్లేడు ఎంత నిటారుగా నిలిస్తే నిరోధం అంత పెరుగుతుంది. తక్కువ బలమున్న విల్లుకు వెడల్పైన ములికి తగదు. ఏటవాలు దెబ్బ మరొక పరీక్ష. ఒక బ్లేడు ముందుగా చర్మాన్ని పట్టుకుంటే అది బాణాన్ని పక్కకు తిప్పేస్తుంది కనుక, రెండు బ్లేడ్లనూ ఒకే పిన్నుకు కలిపి, ఒకటి కదిలితే రెండోదీ కదిలేలా చేయడం మేలు. తెరుచుకున్న బ్లేడ్లు కొక్కెంలా బిగుసుకుపోకూడదు కూడా. వెనక్కి లాగినప్పుడు ముందుకు మడిచిపోవాలి. కొక్కెపు ములుకులను నిషేధించే వేట నిబంధనలు కొన్నిచోట్ల ఉన్నాయి.

ఇక పరీక్షల సంగతి. వరుసగా 20 బాణాలు వేసి అన్నీ తెరుచుకుంటే తృప్తి కలుగుతుంది. కానీ గణాంకశాస్త్రం చెప్పేది వేరు: 20 ప్రయత్నాల్లో ఒక్క వైఫల్యం లేకపోయినా, 95 శాతం నిశ్చయంతో చెప్పగలిగేది అసలు వైఫల్యాల రేటు 14 శాతాన్ని మించదని మాత్రమే. అది 1 శాతం లోపేనని చెప్పాలంటే ఒక్కటీ తప్పకుండా దాదాపు 300 ప్రయత్నాలు కావాలి. అవి కూడా మెత్తని ఫోము దిమ్మె మీద కాదు. దిమ్మెకు వెంట్రుకలు ఉండవు, బిగువైన చర్మం ఉండదు, పక్కటెముక ఉండదు. చర్మం కప్పిన లక్ష్యం మీద, నేరుగానూ ఏటవాలుగానూ, ఐసులో చల్లబరిచిన ములుకులతో, అమ్ములపొదిలో నెల రోజులు తిరిగి మట్టి పట్టినవాటితో వేయాలి. ఇంత చేసినా వైఫల్యం సున్నా కాదు. అందుకే ముడుచుకునే బ్లేడ్లతో పాటు మొన దగ్గర కదలని చిన్న బ్లేడ్లు కూడా ఉన్న జంట నమూనాల వైపే నేను మొగ్గుతాను; విచ్చుకునేవి మొరాయించిన రోజున కూడా ఆ చిన్న బ్లేడ్లు తమ వెడల్పు మేరకు కోస్తాయి.