సున్నా వేరు, ఖాళీ వేరు

ఉగాండాలో ఆరోగ్య కేంద్రాలు వారానికోసారి జిల్లాకు ఒక లెక్క పంపాలి. ఆ వారం కలరా ఎంతమందికి వచ్చింది, తట్టు ఎంతమందికి, రక్తస్రావంతో కూడిన జ్వరాలు ఎంతమందికి అని గళ్లు ఉంటాయి. చాలా వారాలు చాలా గళ్లలో వేసేది సున్నానే. అయినా వేసి తీరాలి. గడి ఖాళీగా ఉంటే జబ్బు లేదో, అసలు ఎవరూ చూడలేదో తెలియదు. సున్నా ఉంటే ఎవరో చూసి, లేదని తేల్చుకుని రాశారన్నమాట. డబ్బు లేని దేశం అంటువ్యాధిని ఎలా పసిగడుతుందో తెలుసుకోవాలంటే ఈ సున్నా దగ్గర మొదలుపెట్టాలని నాకనిపిస్తుంది.

ఉగాండానే ఎందుకు ఎంచుకున్నానంటే, ఎబోలా, మార్బర్గ్ వైరస్‌లు మళ్లీ మళ్లీ తలుపు తట్టిన దేశం అది. తట్టినప్పుడల్లా ఏదో ఒకటి నేర్చుకుంది. ఆ నేర్చుకోవడానికి పెట్టిన వెల మాత్రం చాలా ఎక్కువ.

2000లో ఉత్తరాన గులూ జిల్లాలో జనం జ్వరంతో చనిపోవడం మొదలైంది. లాచోర్ ఆసుపత్రిలో నర్సింగ్ విద్యార్థులు కూడా చనిపోయారు. ఆసుపత్రి బాధ్యతలు చూసే డాక్టర్ మాథ్యూ లుక్వియా అప్పుడు చదువు కోసం రాజధాని కంపాలాలో ఉన్నారు. కబురందగానే తిరిగొచ్చి, చనిపోయిన వాళ్ల కేసు షీట్లన్నీ ముందేసుకుని చదివారు. ఒకే రకం లక్షణాలు వరసగా కనిపించాయి. ఎబోలా అయి ఉండొచ్చని అనుమానించి ప్రభుత్వానికి చెప్పారు. కానీ ఆ అనుమానాన్ని తేల్చే ల్యాబ్ దేశంలో లేదు. రక్తం శాంపిల్స్ దక్షిణాఫ్రికా దాకా వెళ్లాయి. ఆ విజృంభణలో 425 మందికి జబ్బు సోకింది, 224 మంది చనిపోయారు. రోగుల్ని వదలకుండా పనిచేసిన లుక్వియా కూడా అదే జబ్బుతో డిసెంబర్ 5న కన్నుమూశారు.

2007లో పడమటి సరిహద్దున బుండిబుగ్యోలో ఇంకో విజృంభణ వచ్చింది. ఆగస్టులో మొదలైన జబ్బు ఎబోలా అని తేలేసరికి నవంబర్ చివరకొచ్చింది. ఈసారి శాంపిల్స్ అమెరికాలోని అట్లాంటా వెళ్లాయి. అది అప్పటిదాకా ఎవరూ చూడని కొత్త రకం ఎబోలా.

విచిత్రం ఏమిటంటే, కంపాలాకు దగ్గర్లోని ఎంటెబ్బెలో 1936 నుంచే వైరస్‌ల పరిశోధనా సంస్థ ఒకటి ఉంది. జికా వైరస్‌ని 1947లో మొదట కనిపెట్టింది అక్కడి వాళ్లే, పక్కనే ఉన్న జికా అడవిలో. ఆ సంస్థను పెట్టింది అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్. మన పుణెలో 1952లో మొదలైన వైరస్ పరిశోధనా కేంద్రం వెనక ఉన్నదీ అదే ఫౌండేషన్. ఇంత చరిత్ర ఉన్న చోట ఎబోలాను నిర్ధారించే ల్యాబ్ 2010లో గానీ రాలేదు.

ఫలితం మరుసటి ఏడాదే కనిపించింది. 2011 మేలో లువేరో జిల్లా నుంచి పన్నెండేళ్ల అమ్మాయిని జ్వరం, రక్తస్రావంతో ఆసుపత్రికి తెచ్చారు. ఆమె బతకలేదు. కానీ అక్కడి డాక్టర్లు అనుమానపడి రక్తం ఎంటెబ్బె పంపారు, ఎబోలా అని తేలింది. ఆ అమ్మాయి తర్వాత ఇంకో కేసు లేదు. జబ్బు ఒక్కరితో ఆగితే అది వార్త కూడా కాదు. నా దృష్టిలో మాత్రం అది చాలా పెద్ద సంగతి.

అయితే ఎంటెబ్బెలో ల్యాబ్ ఉన్నంత మాత్రాన సరిపోదు. రెండు మూడు వందల కిలోమీటర్ల దూరంలో తీసిన రక్తం అక్కడికి చేరాలి. ఈ చిక్కుముడి విప్పింది ఎబోలా కోసం కాదు, పసిపిల్లల కోసం. హెచ్ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు మామూలు పరీక్ష పనికిరాదు, ఎందుకంటే తల్లి యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో నెలల తరబడి ఉంటాయి. వైరస్‌నే వెతికే పీసీఆర్ పరీక్ష కావాలి. మడమ నుంచి కొన్ని చుక్కల రక్తం కాగితం మీద ఆరబెట్టి ల్యాబ్‌కు పంపాలి. పంపితే రిజల్ట్ ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. ఎదురుచూసి చూసి తల్లులు రావడం మానేసేవారు.

2011 ప్రాంతంలో దీనికొక ఏర్పాటు చేశారు. కొన్ని ఆసుపత్రుల్ని హబ్‌లుగా పెట్టి, ఒక్కో హబ్‌కు ఒక బైకు, ఒక రైడర్‌ను ఇచ్చారు. చుట్టుపక్కల ఇరవై ముప్పై ఆరోగ్య కేంద్రాలకు రోజుకు కొన్ని చొప్పున వెళ్లి శాంపిల్స్ తేవడం, రిజల్ట్స్ ఇవ్వడం రైడర్ పని. హబ్ నుంచి రాజధానికి పోస్టాఫీసు బండి. క్రమంగా దేశమంతా కలిపి దాదాపు వంద హబ్‌లు అయ్యాయి. 2013లో ఒక ప్రయోగం చేశారు: ఇవే బైకుల మీద కలరా, మొండి టీబీ, ఎబోలా అనుమానాల శాంపిల్స్ ఎందుకు పంపకూడదు? ట్యూబును ఒక డబ్బాలో, దాన్ని కారని ఇంకో డబ్బాలో, దాన్ని మళ్లీ గట్టి పెట్టెలో, ఇలా మూడు పొరలు చుట్టి పంపారు. దారి అప్పటికే ఉంది, దాని మీద ఇంకో బరువు పెట్టారంతే.

ఇందులో నాకు బాగా నచ్చేది తిరుగు ప్రయాణం. పంపిన శాంపిల్‌కు జవాబు రాకపోతే ఏ నర్సు అయినా ఎన్నిసార్లు పంపుతుంది? రెండోసారికి విసుగొస్తుంది, మూడోసారి మానేస్తుంది. ఆ రోజు నుంచి అక్కడి గడి ఖాళీ.

పంపిన వాటిలో ఎక్కువ భాగం నెగెటివ్ వస్తాయి. అది డబ్బు దండగ అనుకునేవాళ్లున్నారు. మన పోలియో అనుభవం చూడండి. భారత్‌లో అడవి పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చింది. అయినా పిల్లల్లో ఉన్నట్టుండి కాళ్లో చేతులో చచ్చుబడితే ఇప్పటికీ మలం పరీక్షకు పంపాల్సిందే. పోలియో లేకపోయినా, వేరే కారణాలతో అలాంటి పక్షవాతం పదిహేనేళ్లలోపు లక్షమంది పిల్లల్లో ఏటా కనీసం ఒకరికైనా వస్తుంది. ఆపాటి కేసులు కూడా రిపోర్ట్ కాని జిల్లాలో జబ్బు లేదని కాదు, చూసేవాళ్లు లేరని లెక్క.

ఉగాండా ఏర్పాటు ఎక్కడ తడబడిందో 2022 చూపించింది. సెప్టెంబర్‌లో ముబెండే ఆసుపత్రిలో ఇరవై నాలుగేళ్ల యువకుడు చేరాడు. శాంపిల్ ఎంటెబ్బె వెళ్లింది, సూడాన్ రకం ఎబోలా అని తేలింది, 20వ తేదీన ప్రభుత్వం ప్రకటించింది. ల్యాబ్ తన పని రోజుల్లో చేసింది. కానీ వెనక్కి వెళ్లి ఆరా తీస్తే ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆగస్టు మొదటి నుంచే అంతుపట్టని చావులున్నాయి. మొదట్లో ఎబోలా అంటే జ్వరం, తలనొప్పి, నీరసం. మలేరియా ఇంటింటా ఉండే ప్రాంతంలో అవి చూసి ఎబోలా అని ఎవరనుకుంటారు? రోగులు చిన్న చిన్న ప్రైవేటు క్లినిక్‌లకూ, నాటువైద్యుల దగ్గరకూ వెళ్లారు. బైకు రైడర్ దారిలో ఆ క్లినిక్‌లు లేవు, వారం లెక్కల్లో వాటికి గడీ లేదు. చివరకు ల్యాబ్‌లో తేలిన కేసులు 142, వాటిలో 55 మరణాలు. అప్పటికి వాడుకలో ఉన్న ఎబోలా టీకా జైర్ అనే ఇంకో రకానికే పనిచేస్తుంది కాబట్టి అది కూడా ఆదుకోలేదు.

అందుకే నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. కొత్త యంత్రానికి డబ్బిచ్చే దాతలు దొరుకుతారు, రిబ్బన్ కత్తిరించడానికి మంత్రులు వస్తారు. పల్లెలో జ్వరాల మధ్య ఒక జ్వరాన్ని అనుమానించే మనిషికి, అంటే మన ఆశా కార్యకర్తల్లాంటి గ్రామ ఆరోగ్య బృందం సభ్యులకు, మందుల షాపు నడిపేవాళ్లకు, ఆ అనుమానాన్ని ఎవరికి ఫోన్ చేసి చెప్పాలో నేర్పడానికి ఎవరూ ముందుకు రారు. ముబెండేలో ఆరు వారాలకు పైగా పోయింది అక్కడే.

2025 జనవరి 30న కంపాలాలో మళ్లీ సూడాన్ రకం ఎబోలా ప్రకటించారు. ఈసారి మొదట తేలిన రోగి ఒక నర్సు. ఆయన కూడా వైద్యం కోసం ఆసుపత్రులూ నాటువైద్యుడి ఇల్లూ తిరిగాకే జబ్బేమిటో తెలిసింది. ప్రకటించిన నాలుగో రోజుకే ప్రయోగాత్మక టీకా వేయడం మొదలైంది, ఏప్రిల్‌కల్లా విజృంభణ ముగిసింది. సరిగ్గా అదే సమయంలో, ప్రకటనకు పది రోజుల ముందు, అమెరికా తన విదేశీ సాయాన్ని ఆపేసింది. శాంపిల్స్ మోసే ఆ బైకులు ఏళ్లుగా నడిచింది చాలావరకు అమెరికా హెచ్ఐవీ నిధులతోనే. ఇప్పుడు పెట్రోలు ఖర్చు ఎవరు భరిస్తారన్నది ఉగాండా ఆరోగ్య శాఖ ముందున్న ప్రశ్న.