అంగస్తంభన మాత్రలు: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులోని మారతహళ్లిలో మందుల దుకాణం నడుపుతున్నాను. ఈ మాత్రల కోసం వచ్చినవారిని నోరు విప్పకముందే గుర్తుపట్టవచ్చు. పక్కనున్నవారు వెళ్లేదాకా దగ్గు మందుల అలమర వైపు చూస్తూ నిలబడి, చివరికి ఫోన్ తెర మీద మందు పేరు చూపిస్తారు. నేను తెలుగువాడినని తెలిస్తే కొందరికి ఊపిరి వస్తుంది, కొందరు మరింత ముడుచుకుపోతారు. ఆ మొహమాటంలో చెప్పవలసిన విషయాలు చెప్పకుండానే మిగిలిపోతున్నాయి.

అపోహ: మాత్ర వేసుకుంటే కోరిక పుడుతుంది, మిగిలినది దానంతట అదే జరుగుతుంది.

వాస్తవం: కోరికతో ఈ మందుకు సంబంధం లేదు. లైంగిక ప్రేరణ కలిగినప్పుడు అంగంలోని నరాల చివరల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై సైక్లిక్ జీఎంపీ అనే పదార్థం తయారయ్యేలా చేస్తుంది. అది అక్కడి మృదు కండరాన్ని సడలించడంతో రక్తం లోపలికి చేరి నిలుస్తుంది. ఆ పదార్థాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టే ఎంజైమ్ పేరు పీడీఈ-5. ఈ మాత్రల్లో ఉండే సిల్డెనాఫిల్, టడాలఫిల్ అనే మందులు చేసే పని ఆ ఎంజైమును అడ్డుకోవడమే. తూము మూసినంత మాత్రాన చెరువు నిండదు, పైనుంచి నీరు రావాలి.

అపోహ: గుండె జబ్బున్నవారు దీన్ని తాకకూడదు, లేనివారికి ఏ భయమూ లేదు.

వాస్తవం: రెండు మాటలూ సరికావు. గుండె పరిస్థితి నిలకడగా ఉండి, రెండంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కగలిగినవారికి డాక్టర్లు చాలాసార్లు దీన్ని రాస్తారు. అసలు ప్రమాదం ఛాతీ నొప్పికి వాడే నైట్రేట్ మందులతో ఉంది. అవి శరీరంలో నైట్రిక్ ఆక్సైడును పెంచుతాయి, ఈ మాత్ర దాని ఫలితాన్ని తగ్గనివ్వదు. రెండూ కలిసినప్పుడు శరీరమంతటా రక్తనాళాలు ఒక్కసారిగా వదులై రక్తపోటు ప్రాణాపాయం కలిగేంతగా పడిపోవచ్చు. మొదట ఛాతీ నొప్పి కోసమే పరీక్షించి, 1998లో అమెరికాలో అంగస్తంభన లోపానికి అనుమతి పొందిన సిల్డెనాఫిల్‌కు ఇప్పుడు ఛాతీ నొప్పి మాత్రతోనే పొసగకపోవడం విచిత్రం.

గత వేసవిలో, అనంతపురం నుంచి కొడుకు ఇంటికి వచ్చిన అరవై ఏళ్ల పెద్దమనిషి ఒకరు చీటీతో సహా వచ్చి ఈ మందు అడిగారు. గుండెకు ఏమైనా వాడుతున్నారా అని అడిగితే, "లేదు బాబూ, బీపీకి ఒక్కటే" అన్నారు. డబ్బు తీసేటప్పుడు చొక్కా జేబులోంచి మడతపెట్టిన చిన్న స్ట్రిప్పు కౌంటర్ మీద పడింది. సార్బిట్రేట్, అంటే నైట్రేట్ మాత్రే. మూడు గళ్లు ఖాళీగా ఉన్నాయి. అది ఆయన దృష్టిలో మందు కాదు, "ఎప్పుడైనా ఛాతీ పట్టేస్తే నాలుక కింద పెట్టుకునేది" మాత్రమే. రోజూ మింగనిది లెక్కలోకి రాదని ఆయన నమ్మకం. మాత్ర ఇవ్వకుండా, ఆ స్ట్రిప్పు వెంట తీసుకుని గుండె డాక్టరును కలవమని పంపాను.

ఛాతీ నొప్పికే ఇచ్చే నికోరాండిల్ వాడేవారికీ ఇదే నిషేధం వర్తిస్తుంది. ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ వంటివి వాడేవారికి తక్కువ మోతాదుతో, డాక్టరు పర్యవేక్షణలో మొదలుపెట్టాలి. మాత్ర వేసుకున్నాక ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద ఏదీ పెట్టుకోకుండా 108కి ఫోన్ చేసి, సిగ్గుపడకుండా ఏ మందు ఎప్పుడు వేసుకున్నారో చెప్పాలి, ఎందుకంటే సిల్డెనాఫిల్ తరువాత కనీసం 24 గంటలు, టడాలఫిల్ తరువాత కనీసం 48 గంటలు గడవనిదే మామూలుగా నైట్రేట్ ఇవ్వరు.

అపోహ: ఒకటి పనిచేయకపోతే రెండోది వేసుకోవచ్చు.

వాస్తవం: పనిచేయలేదని చెప్పేవారిలో చాలామంది బిర్యానీ తిన్న వెంటనే సిల్డెనాఫిల్ మింగినవారే. కొవ్వు ఎక్కువున్న భోజనం దాని ప్రభావాన్ని దాదాపు గంట ఆలస్యం చేస్తుంది. టడాలఫిల్‌కు ఆ ఇబ్బంది లేదు. సిల్డెనాఫిల్‌ను సాధారణంగా గంట ముందు, రోజుకు ఒక్కసారి మాత్రమే, డాక్టరు రాసిన మోతాదులో వేసుకోవాలి. మోతాదు పెరిగితే తలనొప్పి, ముఖం ఎర్రబడటం, కళ్లకు నీలి ఛాయ కనిపించడం వంటివీ పెరుగుతాయి. టడాలఫిల్ 36 గంటల వరకు పనిచేస్తుందంటే అంతసేపు స్తంభన ఉంటుందని కాదు. 4 గంటలు దాటినా తగ్గకపోతే అది అత్యవసర పరిస్థితి, తెల్లవారేదాకా ఆగకూడదు.

అపోహ: మూలికల క్యాప్సూళ్లకు ఈ భయాలేవీ లేవు.

వాస్తవం: ఇలాంటి క్యాప్సూళ్లలో పైన రాయకుండా సిల్డెనాఫిల్ కలిపినట్లు ఔషధ నియంత్రణ సంస్థలు పలుమార్లు కనిపెట్టాయి. సార్బిట్రేట్ వాడే మనిషికి అది తెలియకుండా చేరడం మరీ ప్రమాదం.

అపోహ: మాత్ర దొరికితే చాలు, డాక్టరుతో పనిలేదు.

వాస్తవం: అంగానికి వెళ్లే ధమనులు గుండె ధమనుల కంటే సన్ననివి కాబట్టి రక్తనాళాల జబ్బు కొందరిలో ఇక్కడే ముందుగా బయటపడుతుంది. నలభై దాటినవారు ఈ సమస్యతో వస్తే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకున్నారా అని అడుగుతాను. ఇరవైల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్లలో ఎక్కువమందికి ఆందోళన, నిద్రలేమి వల్ల వచ్చే ఇబ్బందే అని నా అనుభవం, కానీ ఆ తేడా తేల్చవలసింది కౌంటర్ దగ్గర కాదు. ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసినవి గనుక చీటీ లేనివారిని వెనక్కి పంపుతాను. వారిలో కొందరు మరో చోట కొనుక్కుంటారని నాకు తెలుసు. అందుకే పంపే ముందు, ఛాతీ నొప్పికి ఎప్పుడైనా వాడిన మాత్ర ఏదైనా జేబులో గానీ ఇంట్లో గానీ ఉందా అని ఒక్క ప్రశ్న అడుగుతాను.