డకోటాల భూమి కాగితాలు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మన మిన్నెసోటా రాష్ట్రపు ఆదివాసులైన డకోటాలు 1851లో తమ భూమిని అమెరికా ప్రభుత్వానికి అమ్ముకున్నారని ఇక్కడ చాలామంది ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఈడెన్ ప్రెయిరీలోనూ బ్లూమింగ్టన్‌లోనూ మన తెలుగు కుటుంబాలు ఇళ్లు కట్టుకున్న నేల కూడా ఆ ఒప్పందాల కిందకే వస్తుంది. కాబట్టి దాన్ని అమ్మకం అనవచ్చో లేదో మీరే తేల్చుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అంతకు చాలా ముందే, 1805లో, జెబులాన్ పైక్ అనే సైనికాధికారి మిసిసిపీ, మిన్నెసోటా నదులు కలిసే చోట కోట కట్టడానికి స్థలం అడిగాడు. ఆ సంగమం డకోటాలకు పవిత్ర స్థలం. వచ్చిన ఏడుగురు పెద్దల్లో సంతకం చేసింది ఇద్దరే, అదీ ధర రాయవలసిన చోటు ఖాళీగా ఉన్న పత్రం మీద. ఆ భూమి 2,00,000 డాలర్లు చేస్తుందని పైక్ స్వయంగా అంచనా వేశాడు. 1808లో సెనేట్ ఆ ఖాళీలో 2,000 డాలర్లు నింపింది.

1851 నాటికి వేట జంతువులు తగ్గిపోయి, తోళ్ల వ్యాపారం దెబ్బతిని, డకోటాలు వర్తకుల అప్పుల్లో కూరుకుపోయారు. ఆ ఏడు జూలై 23న ట్రావర్స్ డె సూ దగ్గర సిసెటన్, వాపెటన్ శాఖలవారి చేత, ఆగస్టు 5న మెండోటాలో మిగతా రెండు శాఖలవారి చేత గవర్నర్ అలెగ్జాండర్ రామ్జీ, కమిషనర్ ల్యూక్ లీ సంతకాలు చేయించారు. సుమారు 2 కోట్ల 40 లక్షల ఎకరాలు చేతులు మారాయి; రాసుకున్న సొమ్మును పంచి చూస్తే ఎకరానికి 13 సెంట్లు కూడా పడలేదు.

ట్రావర్స్ డె సూలో జరిగినదాన్ని మాత్రం మీరు నిదానంగా చదవాలి. ఒప్పందం ప్రతుల మీద సంతకం చేసి లేచిన ఒక్కొక్క నాయకుడినీ పక్కనే ఉన్న పీపా దగ్గరికి తీసుకువెళ్లి, దాని మీద పరచిన మూడో కాగితం మీద కూడా సంతకం పెట్టించారు. అది ఒప్పందానికి మరో ప్రతి అనుకున్నామని వారు తరువాత చెప్పారు. నిజానికి అది తమకు రాబోయే సొమ్ములోంచి వర్తకుల బాకీలు చెల్లించడానికి ఒప్పుకుంటున్నట్టు రాసిన పత్రం. మిగిలిన సొమ్మైనా వారి చేతికి రాలేదు: అసలు ప్రభుత్వం దగ్గరే ఉంటుంది, ఏటా 5 శాతం వడ్డీ 50 ఏళ్లపాటు ఇస్తారు, ఆ తరువాత అసలు ప్రభుత్వానికే మిగిలిపోతుంది. పైగా మిన్నెసోటా నది వెంబడి వారి నివాసానికి కేటాయించిన ప్రాంతం గురించిన షరతును సెనేట్ 1852లో కొట్టివేసింది. ఒక పక్షం సంతకం చేశాక రెండో పక్షం షరతులు మార్చగలిగితే, దాన్ని ఒప్పందం అనడానికి నాకు మనసొప్పదు.

1858లో, వారు నివసిస్తున్న ఆ ప్రాంతంలో నదికి ఉత్తరాన ఉన్న భాగం కూడా పోయింది, ఆ డబ్బులోనూ ఎక్కువ వంతు వర్తకుల బాకీల కిందే జమ అయింది. 1862లో పంటలేక, ఏటా వచ్చే సొమ్ము సమయానికి అందక, వర్తకులు అరువివ్వక జనం ఆకలితో అల్లాడారు. ఆగస్టు 18న డకోటాలకూ అమెరికన్లకూ మధ్య యుద్ధం మొదలైంది. ఆలస్యమైన బంగారు నాణేలు రిడ్జ్‌లీ కోటకు చేరింది సరిగ్గా ఆ రోజే. డిసెంబర్ 26న మాంకేటోలో 38 మంది డకోటాలను ఒకేసారి ఉరితీశారు. 1863 ఫిబ్రవరిలో కాంగ్రెస్ ఆ ఒప్పందాలన్నిటినీ రద్దు చేసింది. 50 ఏళ్లు ఇస్తామన్న వడ్డీ పన్నెండేళ్లు తిరగకుండానే ఆగిపోయింది, భూమి మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

ఆ యుద్ధం తరువాత మిన్నెసోటా నుంచి వెళ్లగొట్టిన డకోటాల్లో కొందరు క్రమంగా తిరిగి వచ్చారు. నేడు మిన్నెసోటాలో వారివి నాలుగు డకోటా సమాజాలున్నాయి. వాటిలో ఒకటైన అప్పర్ సూ సమాజానికి, ఒకప్పుడు ఆ ఒప్పందాల సరుకులు పంచిన ఏజెన్సీ (ప్రభుత్వ కార్యాలయం) ఉన్న పార్కు భూమిని రాష్ట్ర ప్రభుత్వం 2024లో తిరిగి అప్పగించింది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య