ఇంగ్లండ్ పాత భవంతులు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్ పల్లెల్లోని పాత జమీందారీ భవంతుల మరమ్మతు నా వృత్తి. వాటిని వాటాలుగా విడగొట్టి అమ్ముతున్నారు, మనవాళ్లూ కొంటున్నారు. కొన్న నెలకే ఫోను వస్తుంది: "గోడ చెమ్మగా ఉంది, సిమెంటు పూయిస్తున్నాం." దయచేసి ఆగండి.

అపోహ: సిమెంటు గట్టిది కాబట్టి గోడకు రక్షణ.

వాస్తవం: పాత గోడను పాడుచేసేది ఆ గట్టిదనమే. ఇప్పుడు మనం వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు వచ్చింది 1824లో. అంతకుముందు ఇలాంటి భవంతులను సున్నంతోనే కట్టేవారు. డర్బీషైర్‌లో హార్డ్‌విక్ హాల్ అనే భవంతి పని 1590లో మొదలైంది. మరుసటి ఏడు మన చార్మినార్. రెండింటికీ సున్నమే ఆధారం. డంగు సున్నం ఎరిగిన మన పెద్దలకు ఈ సంగతి చెప్పనక్కరలేదు.

సున్నపు గోడ వానకు తడుస్తుంది, గాలికి ఆరుతుంది. ఆ తేమ ఎక్కువగా ఇటుకల మధ్య సందుల్లోంచే బయటికి పోతుంది. ఆ సందులను సిమెంటుతో మూస్తే, తడిబట్టను ప్లాస్టిక్ సంచిలో కట్టినట్టే. తేమ ఇటుకలోనే నిలిచి, చలికాలంలో గడ్డకట్టి, ఇటుకను పెచ్చులుగా ఊడగొడుతుంది. పాడైన సున్నాన్ని గీకి మళ్లీ నింపవచ్చు. రెండు వందల ఏళ్ల ఇటుకను మళ్లీ ఎక్కడ తెస్తాం?

ఒక చెల్లెమ్మ, ఇంటి పరిస్థితిపై ఇచ్చిన సర్వే నివేదికలో "చెమ్మ" అన్న మాట చూసి నిద్రకు దూరమైంది. గోడకు రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించి, లోపల సిమెంటు పూస్తానని ఒక కాంట్రాక్టరు చెప్పాడట. వెళ్లి చూస్తే వాననీటి గొట్టం పగిలి నీళ్లు గోడమీదే కారుతున్నాయి. బయట పూలమడి మట్టి లోపలి నేలకంటే ఎత్తుగా ఉంది. గొట్టం మార్చి, మట్టి తీయించి, గోడను నెలల తరబడి ఆరనివ్వమన్నాను. "అంతేనా అన్నయ్యా?" అంటూ ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇలా భయపడ్డవాళ్లకు అక్కరలేని పని అంటగట్టడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: కాపాడాల్సిన పాత కట్టడాల చారిత్రక జాబితాలో ఉన్న ఇంట్లో మేకు కూడా కొట్టకూడదు.

వాస్తవం: భవన స్వభావాన్ని మార్చే పనులకు అనుమతి కావాలి, లోపలి గదులకు కూడా. ఇంగ్లండ్‌లో ఆ దరఖాస్తుకు రుసుము లేదు. అడగకుండా చేస్తేనే ఈ భవనాల రక్షణకున్న 1990 చట్టం కింద నేరం. సున్నపు పూత తీసేసి సిమెంటు వేయడానికీ అనుమతి అవసరం పడవచ్చు.

అపోహ: మూసిన కిటికీలన్నీ కిటికీ పన్ను వల్లే.

వాస్తవం: కిటికీల సంఖ్యను బట్టి వేసిన ఆ పన్ను 1696 నుంచి 1851 వరకు ఉంది, కొందరు మూసిన మాటా నిజమే. కానీ ముఖభాగం రెండువైపులా సమంగా కనబడాలని మొదటినుంచే ఉత్తుత్తి కిటికీలు కట్టినవీ చాలా ఉన్నాయి.

ఇక రహస్య సొరంగాలు. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో క్యాథలిక్ ఇళ్లలో మతగురువులను దాచిన అరలు నిజం. తోటలో బయటపడే "సొరంగం" మాత్రం తరచూ పాత నీటికాలువే. దాన్ని పూడ్చేయకండి, పూడిస్తే ఆ నీళ్లు పునాదుల్లోకి చేరవచ్చు.