పంచమం నుంచి ఏడు మెట్లు దిగే బూర

"ట్రాంబోన్‌కి రంధ్రాల్లేవు, వీణకున్నట్టు మెట్లూ లేవు. మరి స్వరం ఎక్కడుందో వాయించేవాళ్లకి ఎలా తెలుస్తుంది?" అని, గొట్టాన్ని జార్చి వాయించే ఈ ఇత్తడి బూర గురించి ఒక పాఠకురాలు అడిగారు. ఆవిడ వీణ నేర్చుకున్నారట. అందుకే జవాబు వీణ దగ్గరే మొదలుపెడతాను.

వీణ మెట్లని దగ్గర్నుంచి చూడండి. మేరువు దగ్గర ఎడం ఎక్కువ, కుండ వైపు వచ్చేకొద్దీ ఇరుకు. తంతి ఎంత పొడవుంటే పక్క స్వరానికి అంత ఎక్కువ దూరం జరగాలి. ఒక్కో స్వరస్థానం దిగడానికి పొడవు దాదాపు 6 శాతం పెరగాలి. ఇలా 12 సార్లు పెరిగితే రెట్టింపై కింది షడ్జం వస్తుంది. తంతికైనా, గొట్టంలో గాలికైనా లెక్క ఇదే.

మామూలు టెనర్ ట్రాంబోన్ గొట్టం పొడవు సుమారు 2.7 మీటర్లు. అందులో 6 శాతం అంటే 16 సెంటీమీటర్లు. కానీ చెయ్యి 8 సెంటీమీటర్లు జరిపితే చాలు! గొట్టంలో జారే భాగమైన స్లైడు U ఆకారంలో వంగి ఉంటుంది కాబట్టి ముందుకు తోస్తే రెండు వైపులా గొట్టం పెరుగుతుంది. తర్వాతి స్వరానికి ఎనిమిదిన్నర, ఆపైన 9, చివరికి 10.7. మొత్తం ఆరు జరుపులకి 56 సెంటీమీటర్లు. స్లైడు మీద గుర్తులేమీ ఉండవు. స్లైడు పూర్తిగా మూసి ఉంటే మొదటి స్థానం; అలా లెక్కిస్తే మూడో స్థానం బూర వెడల్పాటి నోటికి కాస్త ఇవతల, నాలుగోది కాస్త అవతల. మిగతాదంతా చెవీ, మోచెయ్యీ చూసుకుంటాయి.

ఆరు జరుపులే ఎందుకు, పన్నెండు ఎందుకు కాదు? నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. స్లైడు కదపకుండా పెదాల బిగువు మారిస్తే అదే గొట్టం షడ్జం, పంచమం, పై షడ్జం పలుకుతుంది. పంచమం పట్టుకుని స్లైడు తోస్తూ రండి: పంచమం, ప్రతి మధ్యమం, శుద్ధ మధ్యమం, అంతర గాంధారం, సాధారణ గాంధారం, చతుశ్రుతి రిషభం, శుద్ధ రిషభం. ఏడు స్థానాలు అయిపోయాయి. తర్వాత కావలసింది షడ్జం. అది స్లైడు పూర్తిగా మూస్తే మొదటి స్థానంలోనే ఉంది! ఇంటర్‌లో గాలి స్తంభాల పాఠం సూత్రాలతో సరిపెట్టేస్తారు. ఈ ఒక్క వాద్యం బల్ల మీద పెడితే పిల్లలు ఆ పాఠం జన్మలో మరచిపోరు.

15వ శతాబ్దపు ఐరోపాలో దీనికి ముందు వాడిన బూరకి ఒంటి గొట్టమే జారేది. నోటి దగ్గరి ముక్కని ఒక చేత్తో పట్టుకుని, బూర మొత్తాన్ని రెండో చేత్తో జరిపేవారు. ఇంత పొడుగు గొట్టానికి ఆ పద్ధతిలో 112 సెంటీమీటర్లు జరపాలి. ఏ చెయ్యీ అంత చాలదు. గొట్టాన్ని U లా వంచిన ఆ శతాబ్దపు పనివాడే ట్రాంబోన్‌ని పుట్టించాడు. రోములో శాంతా మరియా సోప్రా మినెర్వా చర్చి గోడ మీద ఫిలిప్పినో లిప్పి 1488-93 మధ్య వేసిన చిత్రంలో, మేరీమాత చుట్టూ చేరిన దేవదూతల వాద్యాల్లో ఈ స్లైడు కనిపిస్తుంది. మిగిలి ఉన్న పాత ట్రాంబోన్లలో పేరుపడ్డది న్యూరెంబర్గ్‌లో ఎరాస్మస్ ష్నిట్సర్ 1551లో చేసినది.

చర్చిలో దీనికి చోటు దొరకడానికి కారణం కూడా స్లైడే. మనిషి గొంతుకి మెట్లు లేవు, దీనికీ లేవు. గాయకుల శ్రుతి ఎటు జరిగితే అటు వెంట్రుకవాసి జరుగుతుంది. వెనిస్‌లో జొవాన్ని గాబ్రియేలి 1597లో అచ్చువేసిన ఒక సొనాటాలో ఎనిమిది వాద్యాలుంటే ఆరు ట్రాంబోన్లే.

చావుతో దీనికి ముడి పడింది మాత్రం కొంత ఒక మాట వల్ల. మన తెలుగు బైబిల్లో 'కడబూర' (చనిపోయినవాళ్లని లేపే చివరి బూర) అన్నచోట, బైబిల్‌ని జర్మన్‌లోకి తెచ్చిన లూథర్ 'పొసౌనె' అని రాశాడు. జర్మన్‌లో ట్రాంబోన్ పేరు అదే. మొజార్ట్ 1791 నాటి రెక్వియంలో, అంటే చనిపోయినవాళ్ల కోసం చర్చిలో పాడే సంగీతంలో, తీర్పుదినపు బూర గురించి పాడేచోట ఒంటరిగా ట్రాంబోన్ మోగుతుంది.

1808 డిసెంబరు 22న వియన్నాలో బీథోవెన్ ఐదో సింఫనీ తొలిసారి వాయించారు. అందులో ముగ్గురు ట్రాంబోన్‌వాళ్లు మూడు భాగాలసేపు ఊరికే కూర్చోవాలి. గొట్టం చల్లబడితే లోపలి గాలిలో ధ్వని వేగం తగ్గి శ్రుతి దిగిపోతుంది. అందుకని వాయించేవాళ్లు తమ వంతు వచ్చేముందు చప్పుడు కాకుండా గొట్టంలోకి వెచ్చని ఊపిరి ఊదుకుంటారు. నాలుగో భాగం తొలి స్వరాన్ని ముగ్గురూ ఒక్కసారిగా అందుకుంటారు. ఇంకా శ్రుతి తక్కువైతే స్లైడుని ఒక్క పిసరు దగ్గరికి లాక్కుంటారు.