"నచ్చకపోతే తీసేస్తారులే" అనేవాళ్ల కోసం: క్వార్టర్‌బ్యాక్ ట్రేడ్‌లపై అపోహలు - వాస్తవాలు

మార్చి వచ్చిందంటే మా కొలంబస్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉగాది పచ్చడి ఫొటోలతో పాటు అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ట్రేడ్ (టీమ్‌లు ఆటగాళ్లని ఇచ్చిపుచ్చుకోవడం) పుకార్లు కూడా మొదలవుతాయి. ఫలానా క్వార్టర్‌బ్యాక్‌కి (బంతి విసిరి ఆట నడిపించేవాడికి) టీమ్‌తో పడట్లేదట, ఫలానా టీమ్ మూడు ఫస్ట్ రౌండ్ పిక్స్ (కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి వరస అవకాశాలు) ఇవ్వడానికి రెడీ అట. నేను పదకొండేళ్లుగా ఏజెంట్ల తరఫున ఆటగాళ్ల కాంట్రాక్టుల లెక్కలు చూస్తున్నాను కాబట్టి ప్రతి పుకారూ ఎవరో ఒకరు నాకు పంపిస్తారు. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఆడకపోతే రెండేళ్లలో కట్ చేస్తారు కదా, ఇందులో పోయేదేముంది?"

ఈ ఒక్క ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను. ఒహాయోలో ఉంటూ ఇంకెక్కడికో వెళ్లక్కర్లేదు, మా క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ మూడు ఫస్ట్ రౌండ్ పిక్స్, ఇంకా పైన ఇచ్చి హ్యూస్టన్ టెక్సన్స్ నుంచి తెచ్చుకున్న, అప్పటికే దావాల్లో ఉన్న క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్ ట్రేడే చూద్దాం.

అపోహ: ఆడకపోయినా, గొడవల్లో ఇరుక్కున్నా టీమ్ వదిలించుకోవచ్చు.

వాస్తవం: 2022 మార్చిలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ వాట్సన్‌కి ఐదేళ్లకు 230 మిలియన్ డాలర్లు రాసిచ్చింది, మొత్తం గ్యారంటీతో. అప్పటిదాకా ఈ లీగ్‌లో అంత గ్యారంటీ ఎవరికీ లేదు. మామూలుగా ఎన్ఎఫ్ఎల్ కాంట్రాక్టులో వార్తల్లో వచ్చే అంకె వేరు, పక్కాగా చేతికొచ్చేది వేరు. నా ఉద్యోగం మొదట్లో ఒక కుర్రాడి ఫైల్ చూసేవాణ్ని, మూడేళ్ల డీల్, పేపర్లో పెద్ద అంకె. వాళ్ల నాన్న ఆ అంకె చూసి ఇల్లు కొనేశాడు. గ్యారంటీ మొదటి ఏడాదికే ఉంది, రెండో ఏడాది ఆగస్టులో పిలిచి పంపించేశారు. ఆ పెద్దాయన ఫోన్ చేసి "కాగితం మీద మూడేళ్లని ఉంది కదా బాబూ" అన్న గొంతు నాకింకా గుర్తుంది. అందుకే గ్యారంటీ అడిగే ఆటగాణ్ని నేను ఎప్పుడూ తప్పు పట్టను, మోకాలు పోతే అతన్ని కాపాడేది అదొక్కటే. కానీ ఇక్కడ మనం మాట్లాడుకునేది టీమ్ వైపు నుంచి. గ్యారంటీ ఇచ్చాక, మనసు మార్చుకునే హక్కు టీమ్‌కి పోతుంది. మూడు పిక్స్ కంటే ఖరీదైనది అదే.

లెక్క చూడండి. మొదటి ఏడాది బేస్ (మూల జీతం) 1.035 మిలియన్లు, బోనస్ దాదాపు 45 మిలియన్లు, తర్వాత నాలుగేళ్లు ఏడాదికి 46 చొప్పున. 2023లో క్యాప్ (ఏడాదికి టీమ్ మొత్తం జీతాలకి లీగ్ పెట్టే పరిమితి) మీద 55 మిలియన్లు పడాల్సింది, బేస్‌లో చాలా భాగాన్ని బోనస్‌గా మార్చి (బోనస్‌ని క్యాప్ లెక్కలో ఏళ్ల మీదకి పంచుతారు) దాన్ని 19కి దించారు. "చూశావా అన్నా, క్యాప్ అంతా ఉత్తిదే" అని ఆ వారం నాకెన్ని మెసేజ్‌లు వచ్చాయో! తగ్గింది ఆ ఒక్క ఏడాది లెక్క మాత్రమే, మిగిలిన 36 మిలియన్లు రాబోయే సంవత్సరాల మీదకి పోయాయి. చీటీ మొదటి నెలలోనే పాడుకుంటే డబ్బు చేతికొస్తుంది, మిగతా నెలలన్నీ కట్టక తప్పదు, ఇదీ అంతే. 2024లో మళ్లీ అదే పని చేశారు. దాంతో 2025కి వచ్చేసరికి ఒక్క మనిషి లెక్క 73 మిలియన్లకు చేరువైంది, ఆ ఏడాది మొత్తం టీమ్‌కి క్యాప్ 279.2 మిలియన్లు. ఇక చేసేదేముంది, మళ్లీ రీస్ట్రక్చర్, అంటే అదే సర్దుబాటు. ఆ 2025లో ఆయన ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, అకిలీస్ (మడమ వెనక స్నాయువు) దెబ్బ.

ఈ స్థితిలో కట్ చేస్తే ఏమవుతుంది? ఇంకా లెక్కలోకి రాని బోనస్ అంతా ఒకేసారి వచ్చి మీద పడుతుంది (జూన్ 1 తర్వాతైతే రెండేళ్లకి సర్దుకోవచ్చు), దానికి తోడు మిగిలిన గ్యారంటీ జీతం. అంటే ఉంచుకోవడం కంటే పంపడమే ఎక్కువ ఖర్చు. మూడు సీజన్లలో ఆయన మొదలుపెట్టిన మ్యాచ్‌లు 19, గెలిచినవి 9. 2023లో బ్రౌన్స్ 11-6తో ప్లేఆఫ్స్‌కి వెళ్లింది కదా అంటారు, వెళ్లింది, వాట్సన్ భుజం దెబ్బతో బయట ఉంటే నవంబరులో ఇంటి నుంచి పిలిపించిన 38 ఏళ్ల జో ఫ్లాకోతో.

ఇది క్లీవ్‌లాండ్ ఒక్కదాని కథే అనుకోకండి. డెన్వర్ బ్రాంకోస్ అదే 2022లో క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ కోసం రెండు ఫస్ట్‌లు, రెండు సెకండ్‌లు, ముగ్గురు ఆటగాళ్లు, ఇంకా పైన ఇచ్చి, ఆ మీద 245 మిలియన్ల ఎక్స్‌టెన్షన్ రాసింది. 2024 మార్చిలో వదిలేసింది, డెడ్ మనీ (ఆటగాడు వెళ్లిపోయినా క్యాప్ మీద పడే లెక్క) 85 మిలియన్లు. ఆ ఎక్స్‌టెన్షన్‌లోని మొదటి ఏడాది ఇంకా మొదలే కాలేదు! విల్సన్ మీద కేసులు లేవు, కోర్టులు లేవు, అయినా అంత పడింది. వివాదం ఉన్న ఆటగాడైతే తీసేయాల్సిన కారణాలు ఇంకా పెరుగుతాయి, తీసేసే దారి మాత్రం అంతే మూసుకుపోయి ఉంటుంది. బ్రాంకోస్ ఆ భారంతోనే ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కి వెళ్లింది, అది కూడా చెప్పాలి. ఎందుకు వెళ్లగలిగిందంటే అప్పటికి వాళ్ల చేతిలో ఫస్ట్ రౌండ్ పిక్ ఉంది, దాంతో రూకీ (మొదటి ఏడాది ఆటగాడి) జీతానికి క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్ దొరికాడు. బ్రౌన్స్‌కి 2022, 2023, 2024 మూడేళ్లూ ఫస్ట్ రౌండ్ పిక్ లేదు.

అందుకని ఈసారి ఎవరైనా ట్రేడ్ వార్త పంపితే పిక్స్ ఎన్నో లెక్కపెట్టే ముందు గ్యారంటీ ఎంత, ఏ తేదీకి ఎంత పక్కా అవుతుంది, ప్రవర్తన వల్ల సస్పెండ్ అయితే ఆ గ్యారంటీ రద్దయ్యే నిబంధన ఉందా అని చూడండి. అవి తెలియకుండా "మంచి ట్రేడ్", "చెత్త ట్రేడ్" అని వాదించుకోవడం టైమ్ వేస్ట్.

అపోహ: గ్రాండ్ జ్యూరీ (క్రిమినల్ కేసు నడపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) అభియోగం పెట్టలేదంటే విషయం అయిపోయినట్టే.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. టెక్సస్‌లో రెండు గ్రాండ్ జ్యూరీలు అభియోగం పెట్టలేదు, నిజమే. వాట్సన్ తాను ఏ తప్పూ చేయలేదనే చెప్పారు, అదీ నిజమే. కానీ లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలతో ఇరవై మందికి పైగా మహిళలు వేసిన సివిల్ దావాలు అప్పటికి అలాగే ఉన్నాయి. లీగ్ ప్రవర్తనా నియమావళికి క్రిమినల్ శిక్షతో పనే లేదు, వాళ్ల విచారణ వాళ్లదే. విచారణాధికారి స్యూ రాబిన్సన్ ఆరు మ్యాచ్‌లు అన్నారు, లీగ్ అప్పీల్‌కి వెళ్లింది, చివరికి 2022 ఆగస్టులో 11 మ్యాచ్‌ల సస్పెన్షన్, 5 మిలియన్ల జరిమానా దగ్గర రాజీ కుదిరింది. మొదటి ఏడాది బేస్ అంత తక్కువ కాబట్టి ఆ 11 మ్యాచ్‌లకి కోతపడిన జీతం ఆరున్నర లక్షల డాలర్లు కూడా కాదు. "మా కాంట్రాక్టులన్నీ ఇలాగే రాస్తాం" అని టీమ్ చెప్పింది. ఉద్దేశం ఏదైనా, ఆ దావాలు వేసిన ఆడవాళ్లు, టికెట్ కొనే ఆడవాళ్లు ఆ అంకెని చూశారు. ట్రేడ్ జరిగాక క్లీవ్‌లాండ్ రేప్ క్రైసిస్ సెంటర్‌కి విరాళాలు వెల్లువెత్తాయి, చాలామంది పంపింది 22 డాలర్లు, అప్పటికి దావా వేసినవాళ్ల సంఖ్య. ఊరు ఇంత బాధపడితే దాన్ని "పీఆర్ సమస్య" అని కొట్టిపారేసే టీమ్ రిస్క్‌ని సగమే లెక్క వేసినట్టు.

"మరి కుక్కల పందేల కేసులో జైలుకెళ్లొచ్చిన క్వార్టర్‌బ్యాక్ మైకేల్ విక్‌ని క్షమించలేదా" అని అడుగుతారు. ఈగిల్స్ 2009లో విక్‌ని తీసుకున్నప్పుడు ఒక్క పిక్ ఇవ్వలేదు. శిక్ష అనుభవించి వచ్చిన మనిషి, చిన్న కాంట్రాక్ట్, రెండో ఏడాది ఉంచాలా వద్దా అనేది టీమ్ ఇష్టం. తేడా అక్కడే ఉంది.

అపోహ: టెక్సన్స్ బ్రౌన్స్ ఇచ్చిన పిక్‌తోనే కొత్త క్వార్టర్‌బ్యాక్ స్ట్రౌడ్‌ని తెచ్చుకుంది.

వాస్తవం: కాదు. సి.జె. స్ట్రౌడ్ 2023లో రెండో పిక్, అది హ్యూస్టన్ సొంతది. బ్రౌన్స్ నుంచి వచ్చిన 12వ పిక్‌ని మరికొన్నిటితో కలిపి అరిజోనాకి ఇచ్చి మూడో స్థానానికి ఎగబాకి విల్ ఆండర్సన్‌ని తీసుకుంది. 2022 నాటి 13వ పిక్ నుంచి రెండు స్థానాలు దిగి తీసుకున్న ఆటగాడు నిలబడలేదు, 2024 పిక్‌ని అమ్మేసుకుంది. ఆ మూడు ఫస్ట్‌ల నుంచి తేలింది ఒక్క పెద్ద ఆటగాడు. 2024 జనవరిలో అదే టెక్సన్స్ ప్లేఆఫ్స్‌లో బ్రౌన్స్‌ని 45-14తో ఓడించింది, ఆ రోజు మా గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు.

అపోహ: స్టార్ ఉంటే చాలు. వాస్తవం: 2020లో లీగ్ మొత్తంలో అత్యధిక పాసింగ్ యార్డ్‌లు (బంతి విసిరి సాధించిన దూరం) వాట్సన్‌వే, 4,823. అయినా ఆ ఏడాది అతని టీమ్ టెక్సన్స్ నాలుగే గెలిచి 12 ఓడింది.

అపోహ: భారీ ట్రేడ్ అంటేనే మునగడం. అదీ తప్పే. రామ్స్ 2021లో రెండు ఫస్ట్‌లు, ఒక థర్డ్, తమ క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌ని ఇచ్చి క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ని తెచ్చుకుని ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిచింది. డిఫెన్స్ అప్పటికే సిద్ధంగా ఉంది, ఆరన్ డొనాల్డ్ ఉన్నాడు, స్టాఫర్డ్ పాత కాంట్రాక్టుతోనే వచ్చాడు, అతని మీద ఏ దావా లేదు.

2022 వేసవిలో మా స్నేహితుడి ఇంట్లో భోజనాలప్పుడు వాళ్లమ్మాయి నన్ను పక్కకి పిలిచింది. పదమూడేళ్లు, స్కూల్లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతుంది. వాళ్ల నాన్న ముచ్చటపడి వాట్సన్ 4వ నంబర్ జెర్సీ కొనిచ్చాడట. "బాబాయ్, ఇది వేసుకుంటే ఫ్రెండ్స్ ఏమనుకుంటారో అని టెన్షన్‌గా ఉంది, నాన్నకి చెబితే బాధపడతాడేమో" అంది. టీమ్‌ని ప్రేమించడానికి ఆ జెర్సీయే వేసుకోవాలని ఎక్కడా లేదమ్మా అని చెప్పి, వాళ్ల నాన్నతో నేనే మాట్లాడాను. అతను చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాతి ఆదివారం ఆ పిల్ల బ్రౌన్స్ డిఫెన్స్ ఆటగాడు మైల్స్ గారెట్ 95 వేసుకుని వచ్చింది.